నోరున్న ప్లీడరు: క్రౌలీ ఊరి ఎడ్వర్డ్స్ రోజులు

1985లో ఒక రోజు న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ కోర్టు ముందుకి కంచరగాడిద బండి ఒకటి వచ్చి ఆగింది. దర్జాగా దిగినాయన అమెరికాలోని లూసియానా రాష్ట్ర గవర్నరు. లోపల నడుస్తున్న కేసులో ముద్దాయీ ఆయనే. ఇదేం వేషం అంటే, విచారణ సాగుతున్న నడకకి ఇదే తగిన బండి అన్నాడు. ఆ రోజు బోనెక్కిన సాక్షులు ఏం చెప్పారో ఎవరికీ గుర్తుండదు. బండి సంగతి మాత్రం అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన ఎడ్విన్ ఎడ్వర్డ్స్. నాలుగుసార్లు గవర్నరు, ఆనక ఎనిమిదేళ్ళ పైచిలుకు ఖైదు. ఆయన రాజకీయం మీద కావలసినంత రాతకోతలు జరిగాయి. ఆ రాజకీయానికి అడుగున ఒక పల్లెటూరి ఫ్రెంచి ప్లీడరు ఉన్నాడు. జ్యూరీలో, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు జనంలో, పన్నెండుమంది ముఖాలూ చూసి ఎవరితో ఏ మాట ఆడాలో తేల్చుకోగల ప్లీడరు. అలాంటివాళ్ళ తరం అక్కడ ఇంచుమించు అయిపోయింది. వాళ్ళ పనివాడితనం గురించి చెప్పుకోవడానికి ఆయన కథ కంటే మంచిది దొరకదు.

పుట్టింది 1927 ఆగస్టు 7న, అవొయెల్స్ పారిష్‌లో, మార్క్స్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర. లూసియానాలో జిల్లాని పారిష్ అంటారు. తండ్రి పాలికి సేద్యం చేసే రైతు. తల్లి ఫ్రెంచి మాట్లాడే మంత్రసాని, పుట్టింటి పేరు బ్రూయెట్. ఇంట్లో కరెంటు లేదు. కుర్రతనంలో నాజరీన్ చర్చిలో ప్రసంగాలు చేశాడు. జనం ముందు నిలబడితే కాళ్ళు వణకకపోవడం అక్కడ అలవాటైంది. యుద్ధం చివర్లో నౌకాదళంలో విమాన శిక్షణ, తరువాత లూసియానా స్టేట్ యూనివర్సిటీలో లా. 1949లో పట్టా పుచ్చుకునేసరికి ఇరవై ఒక్కేళ్ళు.

కేజన్ అనే మాట గురించి ఒక ముక్క. 1755లో బ్రిటిషువాళ్ళు నోవాస్కోషియా నుంచి తరిమేసిన ఫ్రెంచి రైతులు అకేడియన్లు. ఆ పేరే నోళ్ళలో నలిగి నలిగి కేజన్ అయింది. అవొయెల్స్ ఫ్రెంచివాళ్ళలో చాలామంది మూలాలు అకేడియాలో కావు, నేరుగా ఫ్రాన్సులో. అందుకని ఎడ్వర్డ్స్‌ని కేజన్ అంటే వంశవృక్షాలు వేసేవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. అయితేనేం, అదే గంబో పులుసు, అదే బూడాన్ సాసేజి, అదే కేథలిక్ గుడి, అదే యాస. ఆయన తనను కేజన్ అనే చెప్పుకున్నాడు, జనమూ అలాగే ఒప్పుకున్నారు. వంశవృక్షాలకి ఓట్లు లేవు కదా.

ఆ జనానికి ప్లీడరు అవసరం ఎందుకు అంతగా పడిందంటే, కారణం బడి. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం చదువు ఇంగ్లీషులోనే చెప్పాలంది. బడి ఆవరణలో ఫ్రెంచి మాట దొర్లితే ‘నేను ఫ్రెంచి మాట్లాడను’ అని పలకల కొద్దీ రాయించేవారు. ఫ్రెంచిని తిరిగి బడికి తేవడానికి ప్రభుత్వం ఒక సంస్థను పెట్టింది 1968లో. ఈ మధ్య నలభై ఏడేళ్ళలో పెరిగినవాళ్ళకి ఇంట్లో ఒక భాష, దస్తావేజు మీద ఇంకో భాష. తన పొలం కాగితం తనే చదువుకోలేని రైతుకి, దాన్ని తన భాషలో విప్పి చెప్పే లాయరు దేవుడితో సమానం. క్రౌలీలో ఫ్రెంచి వచ్చిన ప్లీడర్లు తక్కువని తెలిసే ఎడ్వర్డ్స్ అక్కడ బోర్డు కట్టాడు.

క్రౌలీ మన కోనసీమ రైతులకి పరాయి ఊరనిపించదు. అమెరికా వరి రాజధాని అని చెప్పుకునే ఊరు అది. 1937 నుంచి వరి పండగ చేస్తున్నారు. కాకపోతే అక్కడ నారుమడులూ లేవు, ఊడ్పులూ లేవు. నీళ్ళు నిలిపిన చేలో చిన్న విమానంతో విత్తనం చల్లే పద్ధతి కూడా ఉంది. జులై, ఆగస్టుల్లో కోత. చలికాలానికి మళ్ళీ నీళ్ళు పెట్టి అదే చేలో క్రాఫిష్ పెంచుతారు. అది రొయ్య లాంటి ఒళ్ళూ పీత లాంటి కొండీలూ ఉన్న జీవి. పాతరోజుల్లో కాలువ కంపెనీలు నీటికి డబ్బు బదులు పంటలో ఐదోవంతు తీసుకునేవి. నీరు ఎప్పుడు వదిలారు, ఎన్నాళ్ళు ఆపారు, పంట ఎంత పోయింది అన్న తగాదాలు కోర్టుకెక్కడానికి అది చాలు. కాలువల కింద బతికే ఊళ్ళు ఎక్కడైనా ఒకటే.

వరి ఒక ఎత్తు, దాని కింద చమురు ఇంకో ఎత్తు. 1901 సెప్టెంబరులో క్రౌలీ ఉన్న పారిష్‌లోనే ఒక వరిచేలో రాష్ట్రంలో మొదటి చమురు బావి పడింది. చమురూ ఇసుకా ఎగజిమ్మి చేనంతా పాడయింది. అప్పటినుంచి చేతిలో లీజు కాగితం పట్టుకుని వచ్చే కంపెనీ మనిషి ఆ పల్లెల్లో మామూలు దృశ్యం. రైతు వేలిముద్రో గుర్తో వేసేముందు ప్లీడరు చూడవలసినవి కొన్నే ఉంటాయి, కానీ ఒక్కటి తప్పినా తరాలు దెబ్బతింటాయి.

మొదటిది వాటా. ఆనవాయితీగా తీసిన చమురులో ఎనిమిదో వంతు భూమి యజమానిది. అంతకంటే ఎక్కువ అడగవచ్చని చాలామందికి తెలియదు. రెండోది గడువు. బావి తవ్వకుండా లీజును బతికించుకోవాలంటే కంపెనీ ఏటేటా ఫలానా తేదీలోగా బాడుగ బ్యాంకులో కట్టాలి. ఒక్క రోజు దాటితే లీజు చచ్చినట్టే. ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాసుకున్న ప్లీడరు రైతుకి కొత్త బేరం చేసిపెట్టగలడు. మూడోదాన్ని కనిపెట్టినవాడు క్రౌలీ లాయరే, లారెన్స్ ప్యూ. 1947లో లూసియానా సుప్రీంకోర్టు ఒక కేసులో, లీజు భూమిలో కొద్ది భాగం పక్కవాళ్ళ భూమితో కలిపి ఒక యూనిట్‌గా చేసి అక్కడ బావి పారితే, మిగతా భూమంతా కూడా లీజు కింద ఉండిపోతుందంది. అంటే వంద ఎకరాల్లో పదెకరాలు యూనిట్‌లో పడితే, మిగిలిన తొంభై ఎకరాల మీద తవ్వకమూ లేదు, వేరేవాళ్ళకి ఇచ్చే హక్కూ లేదు. దానికి విరుగుడుగా ప్యూ లీజులో ఒక వాక్యం చేర్చాడు. బావి ఏ ముక్క మీద పారితే లీజు ఆ ముక్కకే, మిగతాది గడువయ్యాక యజమానికి తిరిగి వస్తుంది అని. అమెరికా అంతటా చమురు లాయర్లు దాన్ని ఇప్పటికీ ప్యూ క్లాజు అనే పిలుస్తారు. వరి మిల్లుల మధ్య ఉన్న చిన్న ఊరికి దక్కిన పేరు అది.

హ్యూస్టన్ నుంచి వచ్చే లాయర్లు తరచు బోర్లాపడే చోటు ఇంకోటుంది. టెక్సస్‌లో పొలం అమ్ముతూ కింది ఖనిజ హక్కు నాదే అని రాసుకుంటే అది శాశ్వతం. లూసియానాలో కాదు. పదేళ్ళలో ఎవరూ తవ్వకపోతే ఆ హక్కు పోయి భూమి ఎవరిదైతే వాళ్ళకే చేరుతుంది. లూసియానా చట్టానికి తల్లివేరు ఫ్రెంచి, స్పానిష్ సివిల్ కోడ్‌లు. మిగతా రాష్ట్రాల ఇంగ్లీషు చట్టం చదివి వచ్చినవాడికి అక్కడ కాలు నిలవదు. వారసత్వమూ అంతే. ఒకప్పుడు చట్టం ఒప్పే గట్టి కారణం ఉంటే తప్ప కన్నబిడ్డలకి ఆస్తి లేకుండా వీలునామా రాయడం కుదిరేదే కాదు. 1990ల్లో ఆ రక్షణ 24 ఏళ్ళు నిండనివాళ్ళకీ, తమను తాము చూసుకోలేని బిడ్డలకీ పరిమితమైంది. వీలునామా లేకుండా తండ్రి పోతే ఉమ్మడి ఆస్తిలో ఆయన సగం బిడ్డలది, తల్లికి దాని మీద అనుభవ హక్కు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అదీ పోతుంది. పదిమంది పిల్లల కేథలిక్ కుటుంబాల్లో మూడో తరానికి ఒక్క చేనుకి అరవైమంది వారసులు. ఒక్కరి సంతకం తక్కువైనా కంపెనీ చెక్కు ఆగిపోతుంది. మన ఉమ్మడి ఆస్తుల తగాదాలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ గదిలో కూర్చుని చేసే పని. ఆ తరం ప్లీడర్ల సరదా అంతా జ్యూరీ ముందే.

మన దేశంలో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ 1973 ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది కాబట్టి, ఆ ఆట ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఓటర్ల జాబితాలోంచీ అలాంటి జాబితాల్లోంచీ కొందరిని పిలుస్తారు. రెండు పక్షాల లాయర్లూ వాళ్ళని ప్రశ్నలు అడిగి, పక్షపాతం బయటపడినవాళ్ళని పంపించెయ్యమంటారు. దీనికి ఇంతమందనే పరిమితి లేదు. అది కాక, కారణం చెప్పకుండా కొందరిని తీసేసే వీలు ఉంటుంది. లూసియానా సివిల్ కేసుల్లో పన్నెండుమంది జ్యూరీకి ఒక్కో పక్షానికి ఆరుగురు. ఫెడరల్ కోర్టులో పెద్ద క్రిమినల్ కేసైతే ప్రభుత్వానికి ఆరుగురు, ముద్దాయికి పదిమంది. తీసేసే అవకాశాలు ముందే ఖర్చు పెట్టేసుకున్న లాయరు చివరికి తనకి కావలసినప్పుడు చేతులు ముడుచుకు కూర్చుంటాడు. ఒకటో రెండో ఎప్పుడూ దాచుకోవాలి.

గెలుపోటములు ఒక్కోసారి పేర్లు పిలవడంలోనే తేలిపోయేవి. కాగితం మీద ఉన్నట్టు చదివి ‘హెబర్ట్’ అని పిలిచిన న్యూ ఆర్లియన్స్ లాయరు అప్పుడే పరాయివాడు. ఆ జ్యూరరు పేరు పలకవలసింది ఎబేర్ అని. బూడ్రో, టిబడో, ఆర్సెనో, గిడ్రీ, ఈ పేర్లు నోరు తిరిగినవాడు ఆ పన్నెండుమందికీ మేనమామ వరస. ఎవరి తాత ఏ చర్చి కింద ఉన్నాడో, ఎవరి చెల్లెల్ని ఏ ఊళ్ళో ఇచ్చారో తెలిసినవాడికి ప్రశ్నలతో పనే లేదు. వాదన ఇంగ్లీషులోనే సాగుతుంది. కానీ పట్టున సామెత ఒక్కటి ఫ్రెంచిలో పడితే ముందు వరసలో ఒక ముసలాయన పెదవులు కదులుతాయి. ఎదుటి లాయరుకి ఏం జరిగిందో కూడా తెలియదు.

లెక్క కూడా గుర్తుండాలి. రాష్ట్ర కోర్టు సివిల్ కేసులో పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఒప్పుకుంటే చాలు. కనక మొండివాళ్ళు ముగ్గురున్నా భయం లేదు. మిగతావాళ్ళని నడిపించే పెద్దమనిషి ఎవరో కనిపెట్టి ఆయనతో మాట్లాడితే సరి. బీమా కంపెనీ సంగతి ఇంకా విచిత్రం. చాలా రాష్ట్రాల్లో దావా బండి నడిపినవాడి మీదే, వెనక బీమా ఉందని జ్యూరీ చెవిన పడకూడదు. లూసియానాలో బీమా కంపెనీ మీదే నేరుగా దావా వేసే వీలు దశాబ్దాలపాటు ఉండేది. పక్కింటి గిడ్రీ జేబు కొట్టడానికి ఏ జ్యూరరుకీ మనసొప్పదు. హార్ట్‌ఫర్డ్ కంపెనీ సొమ్మంటే చేయి కాస్త ఉదారంగా లేస్తుంది.

దెబ్బలు తగిలిన కేసుల్లో ప్లీడరుని ముంచేది వాదన కాదు, క్యాలెండరు. 2024 జులై దాకా అక్కడ ప్రమాదం జరిగిన ఏడాదిలోగా దావా వెయ్యాలి. ఇప్పుడు రెండేళ్ళు చేశారు. గడువు నిండే వారంలో కక్షిదారు వస్తే ప్రమాదం, హడావుడిలో తప్పు పారిష్ కోర్టులో వేస్తే ఇంకా ప్రమాదం. సరైన చోట వేస్తే దాఖలు చేసిన రోజే గడియారం ఆగుతుంది. తప్పు చోట వేస్తే, గడువులోపు ప్రతివాది చేతికి సమన్లు అందితే తప్ప ఆగదు. సముద్రం మీద చమురు పనికి వెళ్ళినవాడి కేసైతే వేరే లెక్క. 1947లో మోర్గన్ సిటీ అవతల, ఒడ్డు కనపడనంత దూరంలో మొదటి బావి పడ్డాక ఆ కేసులు కుప్పలుగా వచ్చాయి. పనివాడు నావికుడని తేలితే 1920 నాటి జోన్స్ చట్టం కింద మూడేళ్ళ గడువు, జ్యూరీ, యజమాని తప్పు రవ్వంత చూపినా నష్టపరిహారం. తేలకపోతే దెబ్బకింత అని ముందే రాసి ఉన్న షెడ్యూలు ప్రకారం వచ్చే చిల్లర. కాళ్ళు దించి నిలబడే, ఎత్తి లాక్కెళ్ళగలిగే రిగ్గు నౌక కిందే లెక్క. సముద్రం అడుగున పాతేసిన ప్లాట్‌ఫారం కాదు. చెయ్యి తెగింది ఒకటే అయినా, ఏ ఇనుము మీద తెగిందన్న దాన్నిబట్టి కుటుంబం బతుకు మారిపోయేది. ఫీజు గెలిస్తేనే, మామూలుగా మూడోవంతు. ఓడితే ఖర్చులు కూడా ప్లీడరు నెత్తినే. సాక్ష్యం చెప్పే డాక్టర్ల ఫీజులు, రిపోర్టుల ఖర్చులు ముందే పెట్టుకోగల దమ్ముండాలి. ఆడంబరం, కొత్త సూట్లు, పెద్ద కార్లు అక్కడినుంచే వచ్చాయి. గెలిచే లాయరు గెలిచేవాడిలా కనపడకపోతే తరువాతి కేసు రాదు.

ఎడ్వర్డ్స్ 1954లో క్రౌలీ నగర కౌన్సిల్లో చేరి, 1964లో రాష్ట్ర సెనేట్‌కి, 1965లో వాషింగ్టన్‌కి, అక్కడి పార్లమెంటైన కాంగ్రెసుకి వెళ్ళాడు. 1971లో డెమొక్రాట్ల రెండో విడత పోటీలో పదకొండు లక్షల పైచిలుకు ఓట్లలో నాలుగున్నర వేల తేడాతో గట్టెక్కి, 1972లో గవర్నరయ్యాడు. ప్లీడరు బుర్ర మొదట పనిచేసింది చమురు పన్ను మీద. అంతదాకా పన్ను పీపాకి ఇన్ని సెంట్లని ఉండేది. దాన్ని ధరలో పన్నెండున్నర శాతం చేయించాడు. సరిగ్గా అప్పుడే అరబ్ దేశాల దెబ్బకి చమురు ధర నింగికెగిరింది, ఖజానా నిండింది. 1974 కొత్త రాజ్యాంగం ఆయన హయాం పనే. క్రిమినల్ కేసుల్లో పన్నెండుకి తొమ్మిదిమంది ఒప్పుకుంటే శిక్ష వేసే పాత పద్ధతిని అది పదిమందికి పెంచింది. మొత్తం పన్నెండుమందీ అనే మాట రాష్ట్రంలో 2019 నుంచి జరిగే నేరాలకి గాని రాలేదు.

నోరు మాత్రం ఎప్పుడూ కోర్టులో ఉన్నట్టే. 1983లో ప్రత్యర్థి డేవ్ ట్రీన్ ఎంత నిదానమంటే, ‘సిక్స్టీ మినిట్స్’ అనే గంట టీవీ కార్యక్రమం చూడ్డానికి ఆయనకి గంటన్నర పడుతుందన్నాడు. గెలిచి, ఎన్నికల అప్పు తీర్చడానికి ఆరొందలమందికి పైగా మద్దతుదార్లని తలకి పదివేల డాలర్ల చొప్పున విమానాల్లో ఫ్రాన్స్ తీసుకెళ్ళాడు. తాగడు, పొగ తాగడు. పాచికలంటే మాత్రం ప్రాణం. నెవాడా క్యాసినోల్లో ‘టి. వాంగ్’, ‘ఇ. నెఫ్’ లాంటి దొంగ పేర్లతో ఆడేవాడని కోర్టులోనే బయటపడింది. ఇ. నెఫ్ అని గబగబా అంటే ఇంగ్లీషులో ‘ఇక చాలు’ అని వినపడుతుంది.

ఆ బయటపడ్డది కంచరగాడిద కేసులోనే. పదవిలో లేని రోజుల్లో ఆసుపత్రుల అనుమతి పత్రాల వ్యాపారంలో దాదాపు ఇరవై లక్షల డాలర్లు సంపాదించాడని జాన్ వోల్జ్ అనే ఫెడరల్ ప్రాసిక్యూటర్ అభియోగం. సంపాదించలేదని ఎడ్వర్డ్స్ అనలేదు. అప్పుడు నేను గవర్నర్ని కాను, లాయర్ని, అది నా ఫీజు అన్నాడు. ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటే ప్రాసిక్యూటర్ బాణాల్లో సగం గాల్లో పోతాయి. పాత ప్లీడర్ల మొదటి పాఠం అది. ఫెడరల్ కోర్టులో పన్నెండుమందీ ఏకం కావాలి. కాలేదు, 1985 డిసెంబరులో కేసు తేలకుండా పోయింది. మళ్ళీ విచారించి 1986 మేలో నిర్దోషి అన్నారు. జ్యూరర్లు బస చేసిన హోటలు యజమాని, సగంమంది తువ్వాళ్ళు ఎత్తుకుపోయారని వాపోతే, నన్ను విచారించింది నాలాంటివాళ్ళేనన్న మాట అన్నాడు ఎడ్వర్డ్స్. తనలాంటివాళ్ళే తనను విచారించాలన్న, చట్టం ఇచ్చిన హక్కునే జోకు చేసిన మనిషి.

గెలిచినా పరువు దెబ్బతింది, 1987లో ఓడాడు. 1991లో ఎదురు నిలిచింది కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్. ‘దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం’ అని జనం కార్ల వెనక అంటించుకు తిరిగారు. 61 శాతం ఓట్లతో నాలుగోసారి వచ్చాడు.

నోరా, వీపుకు తేకే అని మన సామెత. జ్యూరీ ఎదుట ఏ నోరు ఆయన్ని కాపాడిందో, అదే నోరు తన ఆఫీసు గదిలో పట్టించింది. నదిలో తేలే క్యాసినోలకి లైసెన్సులు ఇచ్చే రోజుల్లో ఎఫ్‌బీఐ ఆయన ఫోను మీదా, లా ఆఫీసులోనూ మైకులు పెట్టింది. 1997 ఏప్రిల్లో ఇల్లు సోదా చేశారు. బోనులో కూర్చున్న సాక్షిని తడబెట్టొచ్చు, పాత పగలు తవ్వొచ్చు, డీల్ కుదుర్చుకున్నావు కదా అని ఎద్దేవా చెయ్యొచ్చు. రికార్డు అయిన తన గొంతుని ఎవరు క్రాస్ చేస్తారు? లైసెన్సు కోసం నెలకి లక్ష డాలర్ల చొప్పున, ఒక్కోసారి చెత్త డబ్బాలో పెట్టి ఇచ్చానని ఒక క్యాసినో యజమాని సాక్ష్యం. ఫుట్‌బాల్ జట్టు యజమాని ఎడ్డీ డిబార్టలో నాలుగు లక్షలు నగదుగా ఇచ్చానన్నాడు. ఎడ్వర్డ్స్ తనే బోనెక్కి జవాబిచ్చాడు.

2000లో రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో జడ్జి ఫ్రాంక్ పోలోజోలా జ్యూరర్ల పేర్లు రహస్యంగా ఉంచి నంబర్లే పిలిపించాడు. ఎబేరో, బూడ్రోయో తెలియని జ్యూరీ. ముఖం చూసి ఊరు చెప్పే విద్యకి అక్కడ చోటు లేదు. చర్చల మధ్యలో 68వ నంబరు జ్యూరరుని జడ్జి తీసేశాడు. ఫెడరల్ నిబంధనల ప్రకారం సరైన కారణం ఉంటే పదకొండుమందితో తీర్పు ఇవ్వొచ్చు. మే 9న ఆ పదకొండుమంది 26 అభియోగాల్లో 17 రుజువయ్యాయన్నారు. ఆ పన్నెండోవాడి మీదే అప్పీలు నడిచింది, 2002లో అదీ వీగిపోయింది. కోర్టు బయట ఆయన అన్నది అప్పటి పత్రికలన్నీ వేశాయి: నది ఒడ్డున ఓపిగ్గా కూర్చుంటే శత్రువు శవం కొట్టుకొస్తుందని చైనావాళ్ళ సామెత, ఫెడరల్‌వాళ్ళు ఓపిగ్గా కూర్చున్నారు, ఇదిగో నా శవం వచ్చింది.

పదేళ్ళ శిక్ష. 2002 అక్టోబరులో లోపలికి, 2011 జనవరిలో బయటికి. అదే ఏడాది తనకంటే యాభై ఏళ్ళు చిన్నామెని పెళ్ళాడాడు, 2013లో కొడుకు పుట్టాడు. శిక్షపడినవాడు రాష్ట్ర పదవులకి పదిహేనేళ్ళు నిలబడకూడదన్నది అప్పటి నియమం. కాంగ్రెసుకి ఆ అడ్డు లేదు, ఎందుకంటే దాని అర్హతలు దేశ రాజ్యాంగం చెప్పినవే. సందు కనిపెట్టి 2014లో నిలబడ్డాడు. మొదటి విడతలో అందరికంటే ముందున్నాడు, రెండో విడతలో ఓడాడు. అప్పటికి ఎనభై ఏడేళ్ళు.

2021 జులై 12న గొంజాలెస్‌లో పోయాడు. బాటన్ రూజ్‌లో కాపిటల్ అనే శాసనసభ భవనంలో జనం చూపుకి ఉంచి, అక్కడినుంచి పాత కాపిటల్‌కి గుర్రబ్బండి మీద తీసుకెళ్ళారు.